‘అంటే’ ఎక్కడ వస్తోంది? బరంపురం స్పీకింగ్ క్లబ్‌లో ఒక కేస్

ఈ కేస్ చీరల వ్యాపారం చేసే ఒకావిడది. ఒడిశాలోని బరంపురంలో వారానికోసారి సాయంత్రం జరిగే మా స్పీకింగ్ క్లబ్‌లో ఆవిడ సభ్యురాలు. నేను అక్కడ కొత్తగా చేరినవాళ్లకు మెంటర్‌ని, బయట కూడా మాట్లాడటం నేర్పడమే నా పని. రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. పేరు, షాపు పేరు మాత్రం చెప్పను. ఇలాంటి క్లబ్బులు నడిపేవాళ్లకు, అందులో మాట్లాడేవాళ్ల ఊతపదాలు లెక్కపెట్టే ‘ఆ-కౌంటర్’ పాత్ర తీసుకునేవాళ్లకు ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

ఆవిడకు నలభై దాటాయి. అత్తవారిది నేతపని చేసే ఇల్లు, బడా బజార్ వైపు ఉంటారు. మామగారు మగ్గం మీద కూర్చునేవారు, ఈవిడ కౌంటర్ చూసుకుంటారు. షాపులో ఆవిడ మాట్లాడుతుంటే పక్క షాపువాళ్లు కూడా చెవి ఒగ్గుతారు. తెలుగు కస్టమర్‌తో తెలుగు, ఒడియా కస్టమర్‌తో ఒడియా, ఎక్కడా తడుముకోరు. కానీ క్లబ్‌లో నిలబడితే చాలు, రెండు మాటలకోసారి ‘అంటే’, ‘అదేంటంటే’, మధ్యలో ఒడియావాళ్లు వాడే ‘మానే’ కూడా.

ఆవిడ క్లబ్‌కి రావడానికి ఒక కారణం ఉంది. విశాఖపట్నంలో చేనేత ఎగ్జిబిషన్‌లో స్టాల్ తీసుకున్నారు. ఒక్కో స్టాల్ వాళ్లు తమ నేత గురించి స్టేజీ మీద ఐదు నిమిషాలు చెప్పాలని నిర్వాహకులు ముందే అడిగారు. “కొనేవాళ్లతో ఎంతసేపైనా మాట్లాడతాను మాస్టారూ. మైకు ముందు నోట్లో తడి ఉండదు” అన్నారు మొదటి రోజు.

మా మీటింగ్ ఎలా నడుస్తుందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మాది సొంతంగా పెట్టుకున్న చిన్న క్లబ్ అయినా పద్ధతి టోస్ట్‌మాస్టర్స్‌దే. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో, వైఎంసీఏలో పనిచేసే రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన పద్ధతి అది. ముందుగా తయారై వచ్చిన ప్రసంగాలు కొన్ని ఉంటాయి. తర్వాత టేబుల్ టాపిక్స్, అంటే అప్పటికప్పుడు ఇచ్చిన ప్రశ్నకు ఒకటి రెండు నిమిషాల్లో జవాబు చెప్పాలి. ఆపైన ఒక్కో ప్రసంగం మీద ఒక్కో సభ్యుడు రెండు మూడు నిమిషాలు సమీక్ష చెప్తాడు. కొత్తగా చేరినవాళ్ల మొదటి ప్రసంగం ‘ఐస్ బ్రేకర్’, నాలుగు నుంచి ఆరు నిమిషాలు. నాలుగు నిమిషాలకు ఆకుపచ్చ లైటు, ఐదుకు పసుపు, ఆరుకు ఎరుపు. మాకు లైట్లు లేవు, అట్టముక్కలు ఎత్తి చూపిస్తాం. టైమర్ ఒకరు, భాష తప్పులు చూసే గ్రామేరియన్ ఒకరు, ‘అ’, ‘ఆ’, ‘అంటే’ లాంటి ఊతపదాలు లెక్కపెట్టే ఆ-కౌంటర్ ఒకరు.

మా క్లబ్‌లో ఆ-కౌంటర్ చేతిలో ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా ఉండేవి. ఊతపదం పడ్డప్పుడల్లా ‘టింగ్’. ఇలా గంట కొట్టే ఆచారం చాలా క్లబ్బుల్లో ఉంది, సరదాగానే సాగుతుంది. బాగా అలవాటు పడ్డ సభ్యులు నవ్వి ముందుకెళ్లిపోతారు.

ఆవిడ ఐస్ బ్రేకర్ రోజున గ్లాసు ఆగకుండా మోగింది. చివర్లో కౌంటర్ లేచి “అక్కా, మీవి మొత్తం 22” అని చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడా నవ్వారు. తర్వాతి మీటింగ్‌కి రాలేదు.

ఇక్కడి నుంచి నా పని మొదలైంది. ప్రసంగం ఫోన్‌లో రికార్డ్ అయి ఉంది. కాగితం మీద మాట మాట దించుకుని, ఊతపదం పడ్డ ప్రతిచోటా గీత పెట్టాను. ఎవరికైనా నేను మొదట చేసే పని ఇదే, బోధన దీని తర్వాతే. అందులో ఒక ముక్క ఇలా ఉంది:

“నేటి ఈ శుభ సాయంత్రమున నన్ను వేదిక మీదకు ఆహ్వానించిన పెద్దలందరికీ హృదయపూర్వక నమస్కారములు. అంటే… మాది అనాదిగా చేనేత వృత్తిని నమ్ముకున్న కుటుంబము. అదేంటంటే… అంటే… మా పూర్వీకులు ఆంధ్ర దేశము నుండి ఇచ్చటికి వచ్చి స్థిరపడినారు. మానే… పట్టు వస్త్రముల తయారీ యందు…”

గీతలు చూస్తే విషయం కాగితం మీదే కనిపిస్తోంది. వాక్యం లోపల ఒక్క ‘అంటే’ కూడా లేదు. ఒక వాక్యం అయిపోయి ఇంకో వాక్యం మొదలవ్వాల్సిన చోటే అన్నీ. ఎందుకంటే ఆ వాక్యాలు ఆవిడవి కావు. బీఏ చదివే మేనల్లుడు రాసిచ్చాడు, ఆవిడ బట్టీ పట్టారు. బట్టీ పట్టినవాళ్లు వాక్యం మొదలుపెడితే చివరిదాకా గడగడా చెప్పేస్తారు. తర్వాతి వాక్యం మొదటి మాట దొరకడమే కష్టం. అది దొరికేదాకా ఖాళీ పూడ్చడానికి ‘అంటే’ వస్తోంది.

ఇంకో రుజువు అదే సాయంత్రం దొరికింది. టేబుల్ టాపిక్స్‌లో ఆవిడకు వచ్చిన ప్రశ్న: ‘బేరం తెగని కస్టమర్‌తో మీరేం చేస్తారు?’ రికార్డింగ్‌లో ఆ జవాబు నిమిషం దాటి ఉంది. గ్లాసు ఒక్కసారి కూడా మోగలేదు. ముందుగా తయారైన ప్రసంగంలో తడబడి, తయారీ లేని జవాబులో తడబడని మనిషికి భయమే జబ్బు అనుకోవడం సరికాదు. నోరెండిపోవడం నిజమే, కానీ బేరం గురించి చెప్పినప్పుడూ అదే గది, అవే ముఖాలు.

ఊతపదాలను చెడ్డ అలవాటుగా చూసేవాళ్లకు ఒక పరిశోధన గుర్తు చేయాలి. హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ అనే ఇద్దరు భాషా మనస్తత్వ పరిశోధకులు 2002లో ఇంగ్లిష్ మాటల్లోని ‘అహ్’, ‘అమ్’ల మీద ఒక వ్యాసం వేశారు. అవి ఊరికే పడే చప్పుళ్లు కావని, ‘కాస్త ఆలస్యం కాబోతోంది’ అని వినేవాళ్లకు ఇచ్చే సూచనలని వాళ్ల వాదన. చిన్న ఆలస్యానికి ఒకటి, పెద్ద ఆలస్యానికి ఒకటి. మన ‘అంటే’ కూడా ఆ పని చేస్తుందని నా అనుభవం. షాపులో ఆవిడ ‘అంటే…’ అని సాగదీస్తే ఎదుటి కస్టమర్ నోరు విప్పడు, వంతు ఆవిడ చేతిలోనే ఉంటుంది. అక్కడ అది పనికొచ్చే మాట. స్టేజీ మీద వంతు లాక్కునేవాళ్లెవరూ లేరు, కాబట్టి కాపలా అక్కర్లేదు. ఈ సంగతి చెప్పగానే ఆవిడ ముఖం తేటపడింది. “అయితే నాకేం రోగం లేదన్నమాట!” అన్నారు. రోగం లేదు.

మరి గ్లాసు ఏం చేస్తోంది? తర్వాతి వాక్యం మొదటి మాట నాలుక చివరికి వచ్చే సమయానికే ‘టింగ్’ మంటుంది. ఆ మాట మళ్లీ వెనక్కి పోతుంది. ఆలస్యం పెరుగుతుంది, ఇంకో ‘అంటే’ పడుతుంది. రికార్డింగ్‌లో రెండేసి మూడేసి ఊతపదాలు వరసగా పడ్డ చోట్లన్నీ గ్లాసు మోగిన వెంటనే ఉన్నాయి. క్లబ్ కమిటీకి ఈ ముక్క వినిపించాను. పెద్దవాళ్లలో ఒకాయన ఒప్పుకోలేదు, తాను గ్లాసు దెబ్బలతోనే బాగుపడ్డానన్నారు. ఆయన మాటా కాదనను. ఆయనది ‘సో’, ‘బేసిగ్గా’ లాంటి అలవాటు, తనకు తెలియకుండా వాక్యం మధ్యలో పడేది. అలాంటి వాటికి గుర్తు చేసే చప్పుడు పనిచేస్తుంది. ఈవిడది అలవాటు కాదు. చివరికి ఐస్ బ్రేకర్ నుంచి మొదటి కొన్ని ప్రసంగాలదాకా గ్లాసు పక్కన పెట్టాలని తేల్చారు.

ఆవిడను తిరిగి రప్పించడానికి నేను షాపుకే వెళ్లాను. ఠాకురాణి జాతర రోజులు. ఈ ఊళ్లో రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతరలో తెలుగు నేతవాళ్ల ఇళ్లదే పెద్దపాత్ర, కాబట్టి ఆవిడకు తీరికే లేదు. అయినా గల్లాపెట్టె పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టారు.

“మేనల్లుడు రాసిచ్చింది పక్కన పడేయండమ్మా. విశాఖపట్నం నుంచి వచ్చినావిడ ఒకరు మీ ముందు కూర్చున్నారనుకోండి. ఈ చీర గురించి ఏం చెప్తారు?”

ఆవిడ వెనక్కి తిరిగి ఒక చీర తీసి, ఒక మడత విప్పి, అంచు నా వైపు తిప్పారు. “ఈ అంచు చూడండి. ఈ కోసుగా లేచినవి కుంభాలు. గుడి శిఖరాల్లా ఉంటాయి కదా. ఫొడా కుంభం అంటారు. దీనికి ప్రాంతం పేరుతో ఇచ్చే జీఐ గుర్తింపు కూడా ఉంది, మగవాళ్లు కట్టే పట్టు పంచె జోడాకి కూడా. పట్టు అసలైనదో కాదో అనుమానమా? కొంగు చివర ఒక్క పోగు లాగి కాల్చండి. వెంట్రుక కాలిన కంపు రావాలి. బూడిద వేళ్లతో నలిపితే పొడైపోవాలి. గట్టిగా గుళికలా అంటుకుందంటే అది పట్టు కాదు.”

ఒక్క ‘అంటే’ లేదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య చేతులు పనిలో ఉన్నాయి. మడత విప్పుతున్నంతసేపూ నోరు ఊరుకుంది, తర్వాతి మాట తనంతట తనే వచ్చింది. నాకు కావలసిన మందు ఇదే. ప్రసంగం అప్పటికే ఆవిడ దగ్గరుంది, షాపులో ఏళ్లుగా చెప్తున్నదే.

అక్కడి నుంచి మేం చేసినవి చాలా మామూలు పనులు. రాత కాగితం వద్దన్నాను. ఒక చిన్న అట్ట మీద మూడు మాటలు మాత్రం రాసుకోమన్నాను: అంచు, పోగు, ధర. స్టేజీ మీదకు చీర తీసుకెళ్లాలి. ఒక సంగతి అయిపోయాక చీరను ఇంకో మడతకు తిప్పాలి, తిప్పుతున్నంతసేపూ పెదవులు కలిపి ఉంచాలి. ఆ పెదవులు కలపడమే అసలు కసరత్తు. నోరు మూసి ఉంటే ‘అంటే’ బయటికి రాలేదు. అద్దం ముందు చేయమని నేనెవరికీ చెప్పను. అద్దంలో మన ముఖమే కనపడుతుంది, వినేవాళ్ల ముఖం కనపడదు. ఇంట్లో మామగారి ముందు చేయమన్నాను. ఆయన మధ్యలో ఆపి జరీ గురించి సరిదిద్దారట. అదీ ప్రసంగంలోకి వచ్చింది.

భాష దగ్గర మాత్రం ఆవిడ మొదట మొండికేశారు. “స్టేజీ మీద షాపులో మాట్లాడినట్టు మాట్లాడితే ఏం బాగుంటుంది మాస్టారూ? చదువుకోనిదాన్ని అనుకుంటారు.” ఈ భయం మన సరిహద్దు జిల్లాల్లో నాకు చాలామందిలో కనిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్స్ అయ్యేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ తర్వాత పుట్టిన తరాలు బడిలో ఎక్కువగా ఒడియా చదువుకున్నాయి, ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నాయి. దాంతో తెలుగులో ‘మంచి ప్రసంగం’ అంటే వాళ్లకు పెళ్లి శుభలేఖ భాషే మిగిలింది. ఆవిడతో నేను గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి చెప్పాను. ఆయన ఏళ్లపాటు ఉద్యోగం చేసింది ఇక్కడికి దగ్గరలోనే, ఇప్పుడు గజపతి జిల్లాలో ఉన్న పర్లాకిమిడిలో. చదువుకున్నవాళ్లు నోటితో మాట్లాడే తెలుగునే రాతలోకి తేవాలని పోరాడిన మనిషి. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. రాతకు కూడా ఆ భాష సరిపోతుందని ఆయన పోట్లాడితే, నోటితో చెప్పే ప్రసంగంలో ‘యందు’, ‘నుండి’, ‘ఇచ్చట’ ఎందుకు? ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. మర్యాద కోసం మొదట్లో నమస్కారం వాక్యం ఒకటి ఉంచుకుంటానన్నారు. సరేనన్నాను. అది ఆవిడ ఎంపిక. ఆ ఒక్క వాక్యం తర్వాత ‘అంటే’ ఇప్పటికీ వస్తుంది.

ఆవిడ రెండోసారి నిలబడ్డ సాయంత్రం గది నిండా జనం లేరు. ఇచ్ఛాపురం నుంచి వచ్చే ఇద్దరు సభ్యులు రైలు ఆలస్యమై ప్రసంగం మొదలయ్యాక వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డారు. ఆవిడ వాళ్లను చూసి ఆగి, “రండి బాబూ, ముందుకొచ్చి కూర్చోండి, ఇంకా అంచు దగ్గరే ఉన్నాం” అని మళ్లీ అందుకున్నారు. నాకు ఆ క్షణమే నమ్మకం కుదిరింది. బట్టీ పట్టినవాళ్లు అలా ఆగలేరు, ఆగితే తర్వాతి మాట మళ్లీ దొరకదు. కొంగు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసినప్పుడు ముందు వరస మొత్తం ముందుకు వంగింది. పోగు కాలిన వాసన రెండో వరసదాకా వచ్చింది. ఆ బూడిద నలుపుతున్నంతసేపూ ఆవిడ ఏమీ మాట్లాడలేదు, గదిలో ఇంకెవరూ మాట్లాడలేదు. పసుపు అట్ట లేచేసరికి ధర దగ్గరికి వచ్చేశారు. ఎర్ర అట్ట లేవకముందే ముగించారు.

సమీక్షకు ఆ రోజు వంతు ఒక ఇంజనీరింగ్ కుర్రాడిది. అతనికి ముందే ఒక్క పని చెప్పాను: వాక్యం అయిపోగానే ఆవిడ చూపు ఎటు పోతోందో గమనించు, దాని గురించే చెప్పు. మామూలుగా మా సమీక్షలు ‘చాలా బాగా చెప్పారు’తో మొదలై, మధ్యలో ఒక సలహా, మళ్లీ ‘చాలా బాగా’తో ముగుస్తాయి. విన్నవాళ్లకు సలహా గుర్తుండదు. ఇతను మాత్రం ఇలా అన్నాడు: “పిన్నీ, అంచు గురించి చెప్పినప్పుడు ప్రతి వాక్యం తర్వాతా మీరు చీరవైపు చూశారు, తర్వాత మావైపు. ఒక్కచోట కూడా తడబడలేదు. ధర చెప్పేటప్పుడు మాత్రం పైకప్పు చూశారు. అక్కడే రెండుసార్లు ‘అంటే’ వచ్చింది.” ఆవిడ అట్ట మీద ‘ధర’ పక్కన చిన్న గుర్తు పెట్టుకున్నారు. ధర గురించి మాట్లాడటం ఎందుకు కష్టమైందో తనే చెప్పారు. నేతగాడికి ఎంత మిగులుతుందో చెప్పాలా వద్దా అని తేల్చుకోలేదట. అది వక్తృత్వం సమస్య కాదు, ఏం చెప్పాలో నిర్ణయించుకోకపోవడం. ఇంటికెళ్లి మామగారితో, భర్తతో కలిసి కూర్చుని తేల్చుకున్నారు. చెప్పాలనే నిర్ణయించారు.

విశాఖపట్నంలో నేను లేను. ఆవిడ ఫోన్‌లో చెప్పిందే నాకు తెలుసు. స్టేజీ మీద అగ్గిపుల్ల గీయడానికి నిర్వాహకులు ఒప్పుకోలేదు, కాబట్టి పోగు సంగతి నోటితోనే చెప్పాల్సి వచ్చింది. అక్కడ కాస్త తడబడ్డానన్నారు. ప్రసంగం అయ్యాక జనం స్టాల్ దగ్గరికి వచ్చి, పోగు కాల్చి చూపించమని అడిగారట. ఎంత అమ్ముడైందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఈ పద్ధతి అందరికీ పనికిరాదు. దాదాపు అదే కాలంలో ఇంకో కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు, ఇంటర్వ్యూల కోసం. అతని కాగితం మీద గీతలు ఎక్కడపడితే అక్కడే ఉన్నాయి: వాక్యం మధ్యలో, పేరుకు ముందు, క్రియకు ముందు. అతనికి ఖాళీల సమస్య లేదు, వేగం సమస్య. ఊపిరి తీసుకోకుండా మాట్లాడేవాడు, ఆలోచన మాటను అందుకోలేకపోయేది. అతనికి మూడు మాటల అట్ట ఇస్తే ఇంకా కంగారుపడ్డాడు. ఒక్కో వాక్యం చివర ఊపిరి పీల్చుకోవడం తప్ప అతనికి నేనింకేం చెప్పలేదు. అది నెమ్మదిగా పట్టుబడుతోంది. మరో రకం కూడా చూస్తుంటాను: ఊతపదం ఎప్పుడూ ఏదో ఒక నామవాచకం ముందే పడుతుంది. అది మాట తెలియకపోవడం. వాళ్లకు స్టేజీ అభ్యాసం కన్నా ఆ విషయం మీద నలుగురితో కబుర్లు ఎక్కువ మేలు చేస్తాయి.

అందుకే మా క్లబ్‌లో ఆ-కౌంటర్ కాగితం మార్చుకున్నాం. ఇదివరకు పేరు, పక్కన గీతలు, చివర మొత్తం. ఇప్పుడు మొత్తం ఉండదు. ఊతపదానికి ముందు మాట, తర్వాత మాట రాస్తారు. అన్నీ పట్టుకోవడం ఎవరి వల్లా కాదు, నాలుగైదు చాలు. నాలుగైదు దొరికితే ఎక్కడ పడుతున్నాయో తెలిసిపోతుంది. మీటింగ్‌లో అవి చదవరు, కాగితం మడిచి మాట్లాడినవాళ్ల చేతికి ఇస్తారు. గ్లాసు ఇంకా ఉంది. కావాలన్నవాళ్లకు మోగిస్తారు.

ఆవిడ విషయానికొస్తే, తెలుగులో ముందుగా తయారైన ప్రసంగాల్లో ఊతపదాలు ఇప్పుడు చెవికి తగిలేంతగా లేవు. ఇంగ్లిష్‌లో ఉన్నాయి, ఉంటాయి కూడా. ఆవిడకు ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సిన అవసరం అంతగా లేదు కాబట్టి దాని జోలికి పోలేదు. ఒడియాలో మాత్రం పని ఉంది. బేరానికి సరిపడా ఒడియా నాలుక మీదే ఉంటుంది. నేత గురించి, ఇంటి చరిత్ర గురించి ఒడియాలో ఆవిడ ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఆమధ్య ఒడియా ప్రసంగంలో ఆ-కౌంటర్ ఇచ్చిన కాగితం చూస్తే ‘మానే’లన్నీ నామవాచకాల ముందే ఉన్నాయి. కాబట్టి ఈసారి అట్ట, చీర సరిపోవు. క్లబ్‌లోని ఒడియా సభ్యురాలు ఒకావిడ ఆదివారం మధ్యాహ్నాలు షాపుకి వస్తానన్నారు. చీరలు చూస్తూ ఒడియాలో మాట్లాడుకుంటారు, అంతే. నేను ఆ సమయానికి అటు వెళ్లను. తర్వాతి ఒడియా ప్రసంగం రికార్డింగ్ వచ్చాక మళ్లీ గీతలు పెట్టి చూస్తాను.